పేషెంట్లను, నర్సులను పరిశోధనలో 'భాగస్వాములు' అంటాం సరే, అసలు ఎప్పుడు పిలవాలి? ఏ నిర్ణయం వాళ్ళ చేతిలో పెట్టాలి?

వార్డురౌండు
షుగరు పేషెంట్ల కాలిపుండ్ల మీద ఒక స్టడీ ప్లాన్ చేస్తున్నాం. గ్రాంటు ఫారంలో 'పేషెంట్ల భాగస్వామ్యం' అని ఒక గడి ఉంది. ఆ గడి నింపే పద్ధతి చూస్తే ఒళ్ళు మండుతోంది. ప్రశ్న ఏమిటో డాక్టర్లే తేల్చేస్తారు, ప్రొటోకాల్ (స్టడీ ఎలా నడపాలో చెప్పే ప్లాన్) రాసేస్తారు, ఎథిక్స్ కమిటీకి పంపే ముందు ఇద్దరు పేషెంట్లను పిలిచి 'ఈ సమ్మతి పత్రం అర్థమైందా' అని అడుగుతారు. వాళ్ళు తలూపుతారు. అంతటితో 'కలిసి చేసిన పరిశోధన' అయిపోతుంది. నర్సుల సంగతీ అంతే. ఫలితాలొచ్చాక ట్రైనింగుకి పిలుస్తారు తప్ప, ఆ పద్ధతి వార్డులో కుదురుతుందా అని ముందు ఎవరూ అడగరు.

ఈ స్టడీలో అలా జరగకూడదు. ప్రొటోకాల్ ఇంకా మొదలుపెట్టలేదు. ఎవరిని, ఎప్పుడు, ఎంతమందిని పిలవాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

నెమలీక
ప్రొటోకాల్ రాయకముందే అడిగారు, సగం పని అయినట్టే. రాసేశాక పిలిస్తే పేషెంట్ల చేతికి మిగిలేది అక్షరదోషాలు దిద్దడమే.

కమిటీలో ఒక్క పేషెంటును మాత్రం వేయకండి. పదిమంది డాక్టర్ల మధ్య ఒక్కరు నోరు విప్పరు. ఆ రోజు ఒంట్లో బాగోక రాలేకపోతే ఆ గొంతు పూర్తిగా పోతుంది. కనీసం ఇద్దరు, కుదిరితే ముగ్గురు. వాళ్ళలో ఒకరు పేషెంటును ఇంట్లో చూసుకునే మనిషి అయి ఉండాలి. కాలికి కట్టు మార్చేది, అరికాలు రోజూ చూసేది చాలా ఇళ్ళలో వాళ్ళే.

మధ్యాహ్నంఓపీ
ఒక అభ్యంతరం. పరిశోధన ప్రశ్న ఏమిటో పేషెంటు ఎలా చెప్పగలరు? ఏ విషయం మీద ట్రయల్స్ అయిపోయాయో, ఎక్కడ ఖాళీ ఉందో తెలియాలంటే లిటరేచర్ అంతా, అంటే ఇప్పటిదాకా అచ్చయిన పరిశోధనంతా చదవాలి కదా. పాల్గొనడం మంచిదే, కానీ ప్రశ్న తేల్చడం నిపుణుల పని.

ప్రొటోకాల్‌పిట్ట
ఓపీ గారూ, అవి రెండు వేరు వేరు పనులు. ఖాళీలు ఎక్కడున్నాయో వెతకడం మీ పని. వాటిలో ఏది ముందు నింపాలో తేల్చడం అందరి పని. దీనికి తయారుగా ఉన్న పద్ధతి బ్రిటన్‌లో 2004లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్‌ది. అది ఇలా నడుస్తుంది.

పేషెంట్లు, వాళ్ళను చూసుకునేవాళ్ళు, వైద్య సిబ్బంది కలిసి ఒక స్టీరింగ్ గ్రూపు. ముందు హద్దులు గీసుకుంటారు: పుండు వచ్చాక చికిత్స మాత్రమేనా, రాకుండా చూడడం కూడానా? తర్వాత ఓపెన్ సర్వే: 'ఈ జబ్బు విషయంలో మీకు జవాబు దొరకనివి ఏమిటి?' వచ్చేవి ప్రశ్నల రూపంలో ఉండవు. 'కట్టు తడిస్తే ఏం చేయాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు' అని ఉంటుంది. ఒకేలాంటివి గుదిగుచ్చి పరిశోధన ప్రశ్నగా మార్చాలి. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి మార్చిన ప్రశ్న పక్కనే జనం రాసిన అసలు వాక్యాలు ఉంచండి, మార్పు సరిగ్గా ఉందో లేదో వాళ్ళే చూడాలి.

ఆపైన ఒక్కో ప్రశ్నకూ నమ్మదగ్గ తాజా సిస్టమాటిక్ రివ్యూల్లో (ఒక ప్రశ్న మీద వచ్చిన స్టడీలన్నీ పద్ధతిగా వెతికి కలిపి చూసేవి) జవాబుందేమో వెతుకుతారు. మీరన్న లిటరేచర్ పని వచ్చేది సరిగ్గా ఈ మెట్టులో. జవాబున్నవి పక్కకి పెట్టి, మిగిలినవాటి మీద రెండో సర్వే, చివరికి ఒక వర్క్‌షాపులో చిన్న గుంపులుగా కూర్చుని మొదటి పది తేలుస్తారు. మొత్తం ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

ఒక్క స్టడీకి ఇంత అక్కర్లేదు. మీ జబ్బు మీద ఇప్పటికే తేలిన జాబితా ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

నెమలీక
పిట్ట గారి మాటకి ఒక చేర్పు. 'జవాబున్నవి పక్కకి పెట్టి' అన్నారే, వాటిని పారేయకండి. జవాబు పుస్తకాల్లో ఉండి కూడా జనం అడుగుతున్నారంటే ఆ జవాబు వాళ్ళకి చేరలేదన్నమాట. అది వేరే జాబితా. కొన్నిసార్లు దాని మీద పని చేస్తేనే ఎక్కువ కాళ్ళు నిలబడతాయి.

డ్రెస్సింగ్‌ట్రాలీ
నెమలీక గారు సరిగ్గా పట్టుకున్నారు. కాలిపుండ్లలోనే పెద్ద ఉదాహరణ ఉంది.

అరికాలి ముందుభాగంలో, స్పర్శ పోయిన కాలికి వచ్చిన పుండుకి మొదట చేయాల్సింది బరువు దించడం, అంటే నడిచేటప్పుడు పుండు మీద ఒత్తిడి పడకుండా చూడడం. అందులోనూ మోకాలి దాకా ఉండే, పేషెంటు విప్పలేని సాధనం వాడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. దాని వెనక కారణం సులువు. విప్పగలిగే బూటు ఇస్తే వేసుకోరు. 2003లో కాలికీ, బూటుకీ విడివిడిగా అడుగులు లెక్కపెట్టే యంత్రాలు పెట్టి చూశారు. రోజంతా నడిచిన అడుగుల్లో 28% మాత్రమే ఆ బూటుతో పడ్డాయి. స్పర్శ లేదు కాబట్టి నొప్పి లేదు, నొప్పి లేదు కాబట్టి గుర్తు రాదు.

ఇంత స్పష్టంగా ఉన్నా చాలా క్లినిక్కుల్లో విప్పలేని కట్టు వేయరు. వేయడానికి చేయి తిరిగినవాళ్ళు కావాలి, టైం పడుతుంది, సరిగ్గా వేయకపోతే కొత్త చోట ఒరిపిడి వస్తుంది. ఇవి సిబ్బంది వైపు కారణాలు. పేషెంటు వైపువి వేరు: స్నానం ఎలా, రాత్రి బాత్రూముకి ఎలా, ఒక కాలు ఎత్తు పెరిగి నడుం నొప్పి, బండి నడపలేకపోవడం. ఈ రెండు జాబితాలూ ఒక బల్ల మీదకి రాకుండా 'మార్గదర్శకం పాటించండి' అని ఎన్ని సర్క్యులర్లు పంపినా పని జరగదు.

వార్డురౌండు
ఇదే స్టడీ ప్రశ్న అయ్యేలా ఉంది! కొత్త డ్రెస్సింగ్ పరీక్షిద్దామనుకున్నాం మేము.

డ్రెస్సింగ్‌ట్రాలీ
డ్రెస్సింగ్ ఎంత గొప్పదైనా పుండు మీద నడుస్తూ ఉంటే మానదు కదండీ.

రాజీమార్గం కూడా ఉంది. విప్పగలిగే వాకర్ బూటునే తీసుకుని, దాని మీద అంటుకునే బ్యాండేజీ చుట్టో ప్లాస్టర్ పట్టీ వేసో విప్పలేకుండా చేయడం. 2005లో వచ్చిన ఒక ట్రయల్‌లో ఇది పూర్తి ప్లాస్టర్ కట్టుతో సమానంగా పుండ్లు మాన్పింది, వేయడం చాలా తేలిక. రెండో కాలి చెప్పుకి అడుగున అదే ఎత్తు కలిపితే నడుం బాధ తగ్గుతుంది. స్నానానికి మోకాలి పైదాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ కవరు. ఏది ఎవరికి కుదురుతుందో పేషెంట్లు, కట్టు వేసేవాళ్ళు కలిసి కూర్చుంటేనే తేలుతుంది.

హెచ్చరిక: రక్తప్రసరణ బాగా తగ్గిన కాలికీ, ఇన్ఫెక్షన్ ముదిరిన పుండుకీ విప్పలేనిది వేయకూడదు. ఎంత కలిసి కూర్చున్నా ఇది బేరమాడే విషయం కాదు.

మధ్యాహ్నంఓపీ
సరే, ప్రశ్న విషయంలో ఒప్పుకుంటున్నా. మందుల ట్రయల్స్ కుప్పలుగా ఉండి ఇలాంటివి తక్కువ ఉండటం నిజమే. మోకీళ్ళ అరుగుదల మీద 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇదే తేలింది. పరిశోధన అంతా మందుల చుట్టూ ఉంటే, పేషెంట్లు అడిగింది మోకాలి మార్పిడి, ఫిజియోథెరపీ, జబ్బు గురించి నేర్పడం.

కానీ ఇంకో భయం ఉంది. అందరికీ అన్నీ మార్చే హక్కిస్తే ట్రయల్ నాణ్యత ఏమవుతుంది?

లెక్కలగూడు
దీనికి నేను జవాబు చెబుతా. మొదటి మీటింగులోనే కాగితం మీద రెండు నిలువు వరసలు రాసి అందరికీ ఇవ్వండి.

కలిసి మార్చగలిగేవి: ప్రశ్న, దేనితో పోల్చాలి, ప్రధాన ఫలితం ఏది (అంటే ముఖ్యంగా ఏం కొలవాలి), ఎన్నిసార్లు రమ్మనాలి, ప్రశ్నావళి ఎంత పొడవుండాలి, పిలిచే మాటలు.

ఎవరడిగినా మారనివి: తర్వాత వచ్చే పేషెంటు ఏ గ్రూపులో (కొత్త పద్ధతా, పోల్చే పద్ధతా) పడతాడో చేర్చుకునేవాళ్ళకి తెలియకుండా దాచడం. ఎవరిది ఏ గ్రూపో తెలియనివాళ్ళే పుండు మానిందో లేదో తేల్చడం. మీ స్టడీలో కాలి మీద బూటు కనిపిస్తుంది కాబట్టి, బూటు విప్పి, కాలు కడిగి ఫొటో తీసి, ఆ ఫొటోని వేరే చోట కూర్చున్నవాళ్ళకి చూపించాలి. మూడోది, డేటా చూడకముందు రాసుకున్న విశ్లేషణ.

'పాపం ఈయనకి మంచి బూటు ఇద్దాం' అని జాలిపడి గ్రూపు మారిస్తే రెండు గ్రూపులూ సమానంగా ఉండవు, చివరికి వచ్చే సంఖ్య ఎవరికీ పనికిరాదు. ఇలా కారణం చెబితే పేషెంట్లు చక్కగా అర్థం చేసుకుంటారు. చెప్పకుండా 'రూలు' అంటేనే గొడవ.

ప్రొటోకాల్‌పిట్ట
ఈ పోస్టు ప్రింటు తీసి గోడకి అంటించాలి.

దీనికి తోడు తేదీల క్రమశిక్షణ. ప్రధాన ఫలితం మీద చర్చంతా మొదటి పేషెంటు చేరకముందే ముగించి, ట్రయల్ రిజిస్ట్రీలో (ట్రయల్స్ వివరాలు అందరికీ కనబడేలా ఉంచే జాబితా) నమోదు చేయండి. ఆ తర్వాత మార్చాల్సి వస్తే కారణం, తేదీ అక్కడే కనబడాలి.

డ్రెస్సింగ్‌ట్రాలీ
లెక్కలగూడు గారూ, ఒక్కో పేషెంటును విడిగా రాండమైజ్ చేయకండి, అంటే చీటీ వేసినట్టు గ్రూపు తేల్చకండి. ఒకే క్లినిక్కులో సగం మందికి విప్పలేని బూటు, సగం మందికి మామూలుది అంటే సిబ్బంది చేయి తిరిగాక అందరికీ అదే వేస్తారు. వెయిటింగ్ హాల్లో పేషెంట్లు ఒకరి కాలు ఒకరు చూసుకుంటారు. క్లినిక్ మొత్తానికి ఒకే పద్ధతి ఉండాలి.

లెక్కలగూడు
మంచి పాయింటు, కానీ దానికి ధర ఉంది, అది ముందే తెలియాలి. ఒకే క్లినిక్కు పేషెంట్లు కొంత ఒకేలా ఉంటారు కాబట్టి సంఖ్య పెంచాలి. ఎన్ని రెట్లంటే: ఒకటికి, (క్లినిక్కుకి ఎంతమందో అందులో ఒకటి తీసేసి, ఆ పోలిక ఎంతో చెప్పే గుణకంతో గుణించినది) కలపండి. క్లినిక్కుకి 20 మంది, గుణకం 0.05 అనుకుంటే 1 + 19 × 0.05 = 1.95. విడిగా చేస్తే 100 మందితో అయ్యేది 195 మంది కావాలి. క్లినిక్కుకి 10 మందే అయితే 1.45, అంటే 145 మంది. అందుకే ఉన్న క్లినిక్కుల్లో పేషెంట్లను పెంచడం కన్నా క్లినిక్కుల సంఖ్య పెంచడం మేలు.

కలిసి తీసుకున్న నిర్ణయం అంటే దాని ఖర్చు కూడా అందరూ చూసి తీసుకున్నది. ఈ లెక్క మీటింగులో బోర్డు మీద వేసి చూపించండి.

నెమలీక
ఫలితం ఏది కొలవాలో ఎవరూ అడగలేదేం? కీళ్ళవాతం ట్రయల్స్‌లో ఏం కొలవాలో తేల్చే ఓమెరాక్ట్ 1992 నుంచి ఉంది. అక్కడి సమావేశాలకి 2002లో పేషెంట్లను పిలిచారు. వాళ్ళు మొదట ఎత్తింది నీరసం. నొప్పి, వాపు, రక్తపరీక్షలు అన్నీ కొలుస్తున్నారు, మంచం దిగనివ్వని ఆ నీరసం మాత్రం ముఖ్యమైన కొలతల జాబితాలో లేదు. ఆ తర్వాతే అది ట్రయల్స్‌లో కొలవాల్సినదిగా గుర్తింపు పొందింది. పదేళ్ళు నిపుణులు మాత్రమే కూర్చుంటే రానిది అది.

కాలిపుండులో 'పుండు మానింది' ఒక్కటే చాలదు. ఎన్ని రోజులు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది, పనికి ఎప్పుడు వెళ్ళగలిగారు, మళ్ళీ వచ్చిందా. ఇవీ కావాలి.

లెక్కలగూడు
ఒప్పుకుంటా. తేల్చేటప్పుడు డెల్ఫీ పద్ధతి, అంటే రౌండ్ల వారీగా మార్కులు వేయించడం, వాడండి: ఒక్కో ఫలితానికి 1 నుంచి 9 దాకా మార్కులు. 7–9 అంటే తప్పనిసరి, 1–3 అంటే అంత ముఖ్యం కాదు. సాధారణంగా 70% మంది 7–9 ఇచ్చి, 1–3 ఇచ్చినవాళ్ళు 15% లోపు ఉంటే లోపలికి తీసుకుంటారు. కానీ అందరినీ ఒకే కుప్పగా లెక్కేస్తే 40 మంది డాక్టర్లు, 10 మంది పేషెంట్లు ఉన్నచోట పేషెంట్ల మాట కనబడకుండా పోతుంది. ఒక్కో వర్గం మార్కులు విడివిడిగా లెక్కించండి. రెండో రౌండులో అందరికీ అందరి మార్కులూ విడివిడిగానే చూపించండి.

పల్లెబాట
ఇప్పటిదాకా చర్చంతా క్లినిక్ లోపలే ఉంది. జనం మధ్య చేసే పనిలో 'ఎంతమంది' అన్నదే తేడా తెస్తుంది.

జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ సంస్థ చేసిన ట్రయల్ 2010లో లాన్సెట్‌లో వచ్చింది. నెలనెలా మహిళల మీటింగులు. మొదట సమస్యలు వాళ్ళే గుర్తిస్తారు, తర్వాత వాళ్ళే ఉపాయాలు ఎంచుకుంటారు, చేస్తారు, చివర్లో ఏమైందో చూసుకుంటారు. నడిపేది ఆ ప్రాంతం మనిషే, డాక్టర్ కాదు. మూడేళ్ళలో నవజాత శిశు మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. అదే ఏడాది అదే పత్రికలో బంగ్లాదేశ్‌లో ఇదే పద్ధతి మీద ట్రయల్ వచ్చింది, ఫలితం కనబడలేదు.

ముఖ్య కారణంగా చూపేది సాంద్రత. ఏక్‌జుట్‌లో సుమారు 468 మంది జనాభాకి ఒక గుంపు. బంగ్లాదేశ్‌లో 1414 మందికి ఒకటి. తర్వాత అక్కడే గుంపులు పెంచి మళ్ళీ చేస్తే మరణాలు తగ్గాయి. ఏడు ట్రయల్స్ కలిపి 2013లో చూస్తే, గర్భిణుల్లో కనీసం 30% మంది మీటింగులకి వచ్చినచోట శిశు మరణాలు 33% తగ్గాయి.

అంటే జనంతో కలిసి చేయడం కూడా మందు లాంటిదే, డోసు తక్కువైతే పనిచేయదు. ఇద్దరితో కమిటీ వేసి 'కలిసి చేసినా లాభం లేదు' అని తేల్చేయకండి.

మధ్యాహ్నంఓపీ
దీనికి ఎదురు ఉదాహరణ లేదా? అన్నీ విజయాలేనా?

ప్రొటోకాల్‌పిట్ట
ఉంది, కానీ ముందు గెలిచిన కథ చెప్పాలి. అమెరికాలో మిషిగన్ ఐసీయూల్లో గుండె దగ్గరి పెద్ద సిరల్లో వేసే లైన్ల ఇన్ఫెక్షన్ల మీద చేసిన పని, 2006లో వచ్చింది. ఐదే పనులు: చేతులు కడుక్కోవడం, లైను వేసేటప్పుడు పూర్తిగా కప్పుకోవడం, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందు, వీలైతే తొడ సిర వదిలేయడం, అవసరం తీరిన లైను తీసేయడం. మధ్యస్థ రేటు వెయ్యి లైను-రోజులకి (ఒకరికి లైను ఉన్న ఒక రోజు ఒక లైను-రోజు) 2.7 నుంచి 3 నెలల్లో సున్నాకి వచ్చింది.

అందరూ చెక్‌లిస్టును చూసి అది కాపీ కొట్టారు. కానీ అక్కడ చెక్‌లిస్టు వెనక ఉన్నది వేరు. చాలా చోట్ల మొదట్లో కిట్లలో క్లోర్‌హెక్సిడిన్ లేదు, దాన్ని తెప్పించారు. సామానంతా ఒకే ట్రాలీలో పెట్టారు. మెట్టు తప్పితే డాక్టరును ఆపే అధికారం నర్సుకి ఇచ్చారు. ప్రతి ఐసీయూకీ తన అంకెలు తనకే తిరిగి చూపించారు.

తర్వాత ఇంగ్లండ్ ఇదే కార్యక్రమాన్ని దేశమంతా నడిపింది. ఇన్ఫెక్షన్లు తగ్గాయి, కానీ ఇంకా చేరని ఐసీయూల్లోనూ అంతే తగ్గాయి, కాబట్టి తగ్గుదల కార్యక్రమానిదే అని చెప్పలేకపోయారు. దగ్గరుండి చూసిన పరిశోధకులకి ఇంకోటి దొరికింది: ఇన్ఫెక్షన్ అంటే ఏమిటో, రక్త నమూనా ఎప్పుడు తీయాలో ఒక్కో ఐసీయూ ఒక్కోలా లెక్కపెడుతోంది. పైనుంచి వచ్చిన పని అనిపించినచోట సిబ్బంది దాన్ని తమది అనుకోలేదు.

డ్రెస్సింగ్‌ట్రాలీ
అందుకే మీ కమిటీలో స్టోరు సామాను ఆర్డరు పెట్టేవాళ్ళు ఒకరు ఉండాలి. బూట్లు స్టాకులో లేకపోతే స్టడీ మొత్తం వట్టిదే. మీటింగు టైము కూడా డ్యూటీ మారే వేళ పెట్టకండి, ఆ అరగంట నర్సులు కదల్లేరు.

సంతకానికిముందు
ఎథిక్స్ వైపు నుంచి కొన్ని.

భాగస్వామి వేరు, స్టడీలో చేరిన పేషెంటు వేరు. కమిటీలో కూర్చుని సలహా ఇచ్చేవాళ్ళు పరిశోధక బృందంలో భాగం, వాళ్ళకి సమ్మతి పత్రం కాదు, పని ఒప్పందం కావాలి. అదే మనిషి స్టడీలో కూడా చేరితే బూటు గురించి ముందే తెలుసు కాబట్టి జవాబులు వంకరపోతాయి. రెండు పాత్రలూ ఒకరికే ఇవ్వకండి. ఆయన వైద్యం చేయించుకునే డాక్టరే మీటింగుకి అధ్యక్షత వహిస్తే నోరు పెగలదు, అదీ చూసుకోండి.

దారి ఖర్చులు ముందే చేతికివ్వండి, బిల్లు పెట్టించి నెలల తర్వాత ఇవ్వడం కాదు. సమయానికి పారితోషికం బడ్జెట్‌లో మొదటి రోజు నుంచీ ఉండాలి.

ఇంటర్వ్యూ కాగితాలు పేషెంట్లతో కలిసి చదివి విశ్లేషించడం మంచి పద్ధతి, కానీ పేరు తీసేస్తే సరిపోదు. కాలు తీసేసిన ఒకాయన, ఫలానా వృత్తి, ఫలానా వయసు అంటే చిన్న చోట ఇట్టే గుర్తుపడతారు. ఆ వివరాలు కూడా మార్చి, ఒక్కొక్కరికి రెండు మూడు పేజీలే ఇచ్చి, చదివాక వెనక్కి తీసుకోండి.

మనుషుల మీద వైద్య పరిశోధనకి నీతి సూత్రాలు చెప్పే హెల్సింకి ప్రకటన 2024లో సవరించారు, అందులో పాల్గొనేవాళ్ళతో, వాళ్ళ సమాజంతో పరిశోధనకి ముందూ, నడుస్తున్నప్పుడూ, తర్వాతా అర్థవంతంగా కలిసి పనిచేయాలని ఉంది. 'ఎథిక్స్ ఒప్పుకోదు' అని ఎవరైనా అంటే అది చూపించండి.

వార్డురౌండు
పేపర్లో వాళ్ళ పేరు రచయితల్లో పెట్టవచ్చా?

సంతకానికిముందు
పెట్టవచ్చు. వైద్య పత్రికల సంపాదకుల కమిటీ షరతులు నాలుగు: ముఖ్యమైన పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో చేయి, చివరి ప్రతికి ఆమోదం, బాధ్యత. డిగ్రీ అడగదు. రెండోది తప్పిపోకుండా చూడడం మీ పని, ప్రతి వాళ్ళ భాషలో చదివి వినిపించి, చెప్పిన దిద్దుబాట్లు రాసుకోండి. పేరు బయటికి రావడం ఇష్టం లేకపోతే కృతజ్ఞతల్లో కూడా పెట్టకండి, అడిగి చేయండి.

ప్రొటోకాల్‌పిట్ట
రాసుకోవడం అంటే గుర్తొచ్చింది. ఒక రిజిస్టరు పెట్టండి. ఐదు గడులు: తేదీ, సలహా, ఏ వర్గం నుంచి, ఏం నిర్ణయించాం, కారణం. తీసుకోని సలహాలకి కారణం గడి ఖాళీగా ఉండకూడదు, తర్వాతి మీటింగులో మొదట అదే చదవాలి. 2017లో వచ్చిన గ్రిప్-2 చెక్‌లిస్టు ప్రకారం పేపరు రాసేటప్పుడు పేషెంట్ల పాల్గొనడం వల్ల ఏం మారింది, ఏది కుదరలేదు అని చెప్పాలి. రిజిస్టరు లేకపోతే ఆ పేరా ఊహించి రాస్తారు.

నెమలీక
ఫలితాలు చెప్పేటప్పుడు '30% తగ్గింది' అనకండి. '100 మందిలో 10 మందికి అయ్యేది 7 మందికి అయింది' అనండి. రెండూ ఒకటే, కానీ మొదటిది వింటే మందు మహిమ అనిపిస్తుంది, రెండోది వింటే నేను ఆ ముగ్గురిలో ఉంటానా అని ఆలోచన వస్తుంది.

ప్రొటోకాల్‌పిట్ట
నివేదికకి కెనడాలో వాడిన 1:3:25 కొలత బాగుంటుంది: ఒక పేజీ ముఖ్య విషయాలు, మూడు పేజీల సారాంశం, 25 పేజీల పూర్తి నివేదిక. ఒక పేజీది పేషెంట్లతోనే రాయించండి.

వార్డురౌండు
అయితే డ్రెస్సింగ్ ట్రయల్ పక్కన పెట్టి, బరువు దించే సాధనం అమలు మీద క్లినిక్కుల వారీ ట్రయల్ రాస్తాం. కమిటీలో ముగ్గురు పేషెంట్లు, ఇంట్లో చూసుకునేవాళ్ళు ఇద్దరు, కట్టు వేసే నర్సులు ఇద్దరు, స్టోరు నుంచి ఒకరు. ప్రధాన ఫలితం 12 వారాల్లో పుండు పూర్తిగా మానడం, దాంతో పాటు బయట నడవగలిగిన రోజులు. ఒక్క చిక్కు: పుండు మానిందని ఖాయం చేయడానికి రెండు వారాల తేడాతో రెండు విజిట్లు కావాలి. కట్టు విప్పేశాక రెండోదానికి జనం రారని భయం.

లెక్కలగూడు
రెండో విజిట్ తీసేయకండి. చర్మం పూర్తిగా మూసుకుని, తడి లేకుండా, రెండుసార్లూ అలాగే ఉంటేనే మానినట్టు. రానివాళ్ళని 'మానింది' అని లెక్కేస్తే ఎక్కువమంది రాని గ్రూపుకి అన్యాయంగా మార్కులు పడతాయి.

డ్రెస్సింగ్‌ట్రాలీ
రెండో విజిట్‌కి ఒక కారణం కల్పించండి. కొత్తగా మూసుకున్న చర్మం పలచగా ఉంటుంది, మామూలు చెప్పులతో మళ్ళీ చిట్లుతుంది. వాళ్ళ కాలి కొలతకి చేసిన చెప్పులు ఇచ్చేది, సరిచూసేది ఆ రోజే అని ముందే చెప్పండి. వస్తారు.

నెమలీక
చెప్పుల నమూనా మాత్రం ముందు కమిటీలో వేసుకుని నడిచి చూడనివ్వండి.